గిటారు పెట్టెకు మూడు గొంతులు. పందిట్లో పలికేది ఒక్కటే

గోదావరి జిల్లాల్లో తీర్థాల రోజులు వచ్చాయంటే ఒకప్పుడు ఆర్కెస్ట్రా పార్టీ లేని పందిరి అరుదు. డి.జె. బండ్లు వచ్చాక ఆ పార్టీలకు గిరాకీ తగ్గిన మాట నిజమే. అయినా అమ్మవారి జాతరకో, వినాయక చవితి పందిరికో, క్రిస్మస్ నాడు చర్చి ఆవరణకో గాయకులను, వాద్యగాళ్లను పిలిపించి మర్యాద చేసే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆ స్టేజీ మీద కీబోర్డు వెనకగా, వెలుతురు సరిగా పడని చోట నిలబడి వాయించే గిటారు కుర్రవాడి అవస్థ మాత్రం ఎవరికీ పట్టదు.

ఒక్క రాత్రిలో అతని మీద పడే బరువు చిన్నది కాదు. ఘంటసాల పాటకు తీగ మెత్తగా, ముత్యం జారినట్టు పలకాలి. వెంటనే ఇళయరాజా పాట అందుకుంటే గిటారు కాస్త గరుకుగా, తాళానికి ఒరుసుకుంటూ సాగాలి. చివర్లో కుర్రకారు కోరే మాస్ పాటకు అదే గిటారు గర్జించాలి. చేతిలో ఉన్నది ఒకటే వాద్యం, ఆరే తీగలు. మరి మూడు రకాల నాదం ఎక్కడి నుంచి వస్తుంది? గిటారు వెనక ఉండే పెట్టె నుంచి రావాలి. ఆ పెట్టెనే గిటారు ఆంప్లిఫయరు అంటారు. మూడు చానళ్ల పెట్టె అంటే ఒకే శరీరంలో మూడు గొంతులున్న మనిషి వంటిది.

మన పందిళ్లలో జరుగుతున్నది వేరు. గిటారిస్టు తన పెట్టె దింపబోతుండగానే, "ఆ పెట్టె ఎందుకండీ, వైరు మా మిక్సర్లో గుచ్చేయండి" అంటాడు మైకుసెట్టు మనిషి. పందిరి కమిటీ పెద్దలూ అతని మాటకే తల ఊపుతారు. పెట్టె కర్టెను వెనకే ఉండిపోతుంది. మూడు పాటలకూ గిటారు ఒకే పీల గొంతుతో పలుకుతుంది. జనం మాత్రం, "గిటారు వాడికి చేతకాలేదు" అని తేల్చేస్తారు. మరుసటి ఏడు ఆ స్థానంలో కీబోర్డు మీద గిటారు మీట నొక్కించి సరిపెడతారు. ఒక వాద్యగాడి బత్తెం అలా పోతోంది. తప్పు అతనిది కాకపోవడమే ఇక్కడ గమనించవలసిన సంగతి.

పెట్టె పని శబ్దం పెంచడం ఒక్కటే కాదు

మైకుసెట్టు ఆంప్లిఫయరుకు, గిటారు ఆంప్లిఫయరుకు పేరు ఒకటే గాని పని ఒకటి కాదు. మైకుసెట్టుది తపాలా బంట్రోతు పని. ఇచ్చిన ఉత్తరాన్ని ఇచ్చినట్టే చేర్చాలి. గాయకుడి గొంతు ఎలా ఉందో అలాగే పెద్దది చేసి వినిపించాలి. గిటారు పెట్టె అటువంటిది కాదు. అది వాద్యంలో సగం. వీణకు దండి, కుండ ఎంతో విద్యుత్ గిటారుకు ఈ పెట్టె అంత. పెట్టె లేని విద్యుత్ గిటారు ఒట్టి కొయ్య. లోపల బోలు లేదు గనుక దానికి సొంత నాదం దాదాపు ఉండదు.

మిక్సర్లో నేరుగా గుచ్చితే నష్టం ఎలా జరుగుతుందో కూడా తెలుసుకోవడం మంచిది. గిటారు మీద తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ చుట్టలో చాలా బలహీనమైన విద్యుత్తు పుడుతుంది. ఆ బలహీన ప్రాణాన్ని నలిపేయకుండా అందుకోవడానికి గిటారు పెట్టె ప్రవేశ ద్వారంలో సుమారు 10 లక్షల ఓంల నిరోధం పెడతారు. మామూలు మిక్సరు లైను ద్వారంలో అది పదివేల ఓంల మేరకే ఉండడం సాధారణం. అక్కడ గుచ్చగానే గిటారు మీద బరువు పడి పై శ్రుతుల తళుకు చచ్చిపోతుంది.

స్పీకరు సంగతి ఇంకొకటి. గిటారు పెట్టెలోని 12 అంగుళాల స్పీకరు 5 వేల హెర్ట్‌జ్ దాటిన శబ్దాన్ని చాలావరకు పలకదు. అది లోపం కాదు, వరం. గరుకు నాదంలోని కీచుదనాన్ని ఆ స్పీకరే వడగడుతుంది. అదే గరుకు నాదాన్ని ఆ స్పీకరు లేకుండా, చిన్న కొమ్ములున్న మైకుసెట్టు డబ్బాల్లోకి నేరుగా పంపితే తేనెతుట్టె కదిపినట్టు రొద పుడుతుంది. పందిట్లో చెవులు మూసుకునే పెద్దలు తిట్టుకునేది నిజానికి ఆ రొదను, గిటారును కాదు.

రేడియో మెకానిక్కు చేతి చలవ

ఈ పెట్టె పుట్టింది అమెరికాలో. దాన్ని ఒక దారికి తెచ్చినవారిలో ముఖ్యుడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్న మనిషి. మన ఊరి సెంటర్లో వాల్వు రేడియోలు విప్పి కూర్చునే మెకానిక్కు వంటివాడే. ఆయన తయారు చేసిన 1950ల నాటి పెట్టెల్లో కొన్నింటికి రెండు ద్వారాలు ఉండేవి. ఒకటి వాద్యానికి, ఒకటి మైకుకు. చానళ్లు అనేవి మొదట పుట్టింది రకరకాల నాదాల విలాసం కోసం కాదు. ఒకే పెట్టెను ఇద్దరు పంచుకోవడానికి. పేదింటి సర్దుబాటులో పుట్టిన ఏర్పాటు అది.

లండన్ నగరం పడమటి వైపు హాన్‌వెల్‌లో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్, తన మనుషులతో కలిసి 1962లో ఫెండర్ వారి బేస్‌మన్ పెట్టెను నమూనాగా పెట్టుకొని సొంత పెట్టె చేయించాడు. దానికి కూడా రెండు చానళ్లు, నాలుగు రంధ్రాలు. ఒక చానలు నాదం కాస్త మందంగా, రెండోది పదునుగా ఉండేవి. కావలసిన నాదం కోసం వైరు తీసి మరో రంధ్రంలో గుచ్చుకోవాలి. తెలివైన వాద్యగాళ్లు ఆ రెండు చానళ్లను చిన్న వైరు ముక్కతో కలిపేసి, రెండు నాదాలనూ పాళ్లు చూసి కలుపుకునేవారు. వాక్స్ కంపెనీ ఏ.సి.30 పెట్టెకూ ఇలాగే వేరువేరు చానళ్లు ఉండేవి. 1960లలో షాడోస్, బీటిల్స్ బృందాలు ఆ పెట్టెలతోనే వాయించాయి.

గరుకు నాదం మాత్రం మొదట్లో పెట్టె చెడిపోవడం వల్ల దొరికింది. 1951లో మెంఫిస్ నగరంలో రికార్డయిన 'రాకెట్ 88' పాటకు దారిలో దెబ్బతిన్న పెట్టెనే వాడారని చెబుతారు. 1958లో లింక్ రే అనే వాద్యగాడు స్పీకరు కాగితానికి పెన్సిలుతో కావాలనే చిల్లులు పొడిచాడు. 1964లో ఇంగ్లండులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ బ్లేడుతో స్పీకరు కోశాడు. ఆ గాయపడిన గొంతు కుర్రకారుకు నచ్చింది. అప్పటి నుంచి పెట్టె పాడు చేయకుండానే ఆ గొంతు తెప్పించడం ఎలాగన్నది తయారీదారుల ముందున్న ప్రశ్న అయింది.

దానికి జవాబు చెప్పినవారిలో పేర్కొనదగినవాడు కాలిఫోర్నియా మెకానిక్కు రాండల్ స్మిత్. ఆయన ఫెండర్ వారి చిన్న ప్రిన్స్‌టన్ పెట్టెలను విప్పి, పెద్ద పెట్టె బలాన్ని వాటిలో దూర్చాడు. తరువాత బూగీ పేరుతో సొంత పెట్టెలు చేస్తూ నాదాన్ని పెంచే మెట్లను ఒకదాని వెంట ఒకటిగా కూర్చాడు. కార్లోస్ సంటానా ఆ పెట్టెలు పట్టాక వాటి పేరు మోగింది. 1970లు ముగిసేనాటికి కాలితో మీట నొక్కి ఒక చానలు నుంచి మరో చానలుకు మారే వీలు కూడా ఆ పెట్టెల్లో వచ్చింది. వైరు పీకి గుచ్చే అవస్థ తీరింది. పాట మధ్యలోనే గొంతు మార్చే సదుపాయం అలా వచ్చింది.

మూడు గొంతుల మర్మం

సాధారణంగా మూడు చానళ్ల పెట్టెలో మొదటిది క్లీన్, రెండోది క్రంచ్, మూడోది లీడ్. పవర్ విభాగం, స్పీకరు మూడింటికీ ఉమ్మడి. ముందున్న ప్రీయాంప్ దగ్గర నాదం ఎన్ని మెట్లు ఎక్కుతుందన్న దాన్ని బట్టి గొంతు మారుతుంది.

చెరువు అలుగు ఎరిగిన రైతుకు ఇది చెప్పడం తేలిక. చెరువులో నీరు తక్కువగా ఉన్నంతసేపు వచ్చిన నీరు వచ్చినట్టే మట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. అది క్లీన్ చానలు. వేలు మెత్తగా పడితే మెత్తగా, గట్టిగా పడితే గట్టిగా వినిపిస్తుంది. ఇన్‌ఫ్లో పెరిగి నీరు అలుగు తాకి అప్పుడప్పుడు పొర్లితే అది క్రంచ్. నెమ్మదిగా మీటితే శుభ్రంగా, బలంగా మీటితే గరుకుగా పలుకుతుంది. వరద వచ్చి అలుగు ఆగకుండా పారుతుంటే అది లీడ్. పై నుంచి వచ్చే నీరు కొంత తగ్గినా అలుగు పారుతున్నంతసేపు చెరువు మట్టం దాదాపు అలాగే నిలుస్తుంది. లీడ్ చానలులో తీగ ఊపు తగ్గుతున్నా స్వరం చాలాసేపు నిలబడడానికి కారణం అదే. అలల నెత్తి అలుగు దగ్గర తెగిపోవడంతో అసలు స్వరానికి తోడు కొత్త పై స్వరాలు పుట్టుకొస్తాయి. గరుకుదనం అంటే అదే.

ఇందులో సంగీతం తెలిసినవారు మెచ్చుకునే సంగతి ఒకటి ఉంది. లీడ్ చానలులో రెండు స్వరాలు కలిపి వాయిస్తే, వాటి కంపనాల కూడిక మీద, తీసివేత మీద కొత్త స్వరాలు పుడతాయి. షడ్జ పంచమాల నిష్పత్తి రెండుకు మూడు. మూడులో రెండు తీసేస్తే ఒకటి. అంటే వాయించిన షడ్జానికి ఒక స్థాయి కింద మరో షడ్జం వినిపిస్తుంది. అందుకే పాశ్చాత్య రాక్ వాద్యగాళ్లు గర్జించే చానలులో ఎక్కువగా ఆ రెండు స్వరాలే పట్టుకుంటారు. మన తంబూరాలో వేల సార్లు మోగే జంట కూడా అదే. అదే చానలులో గాంధారం కూడా చేర్చి నిండు కార్డు పట్టుకుంటే, పుట్టే కొత్త స్వరాలు ఒకదానితో ఒకటి తగవు పడి నాదం బురదవుతుంది. నిండు కార్డులు నడవాల్సిన మెలొడీ పాటకు క్లీన్ చానలే శరణ్యం. కాబట్టి మూడు చానళ్లు ఆడంబరం కాదు. మూడు రకాల పాట కోరే శ్రోతకు మూడు చానళ్లు అవసరం.

పాలకొల్లు చెప్పిన పాఠం

విద్యుత్ వాద్యం మన సంగీతానికి పనికిరాదని ముక్కు విరిచేవారికి ఈ జిల్లాల్లోనే జవాబు ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీదే కర్ణాటక సంగీతాన్ని ప్రపంచానికి వినిపించారు. మామూలు మాండొలిన్ స్వరం మీటిన కాసేపటికే అణగిపోతుంది. గమకం పట్టడానికి చాలదు. జంట తీగలు తీసి ఐదు ఒంటి తీగలు పెట్టి, విద్యుత్తు తోడు చేయడంతో ఆ చిన్న వాద్యం గమకాన్ని మోయగలిగింది. ఇంగ్లండు గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో ఆయన కచేరీలు చేశారు. 2014లో ఆయన కన్నుమూశారు. ఆయన గర్జించే చానలు కోరలేదు. తన సంగీతానికి ఏ గొంతు కావాలో తెలుసుకొని దాన్నే నిలబెట్టుకున్నారు. చానళ్లు ఎన్ని ఉన్నా, ఏ పాటకు ఏ గొంతు అన్న వివేకం వాద్యగాడిదే అన్న పాఠం అందులో ఉంది.

కుర్రవాళ్లు మోసపోరాదు

పందిరి కమిటీలను తప్పు పట్టినంత మాత్రాన కుర్ర వాద్యగాళ్లు అన్నీ సరిగా చేస్తున్నారని కాదు. అప్పు చేసి మూడు చానళ్ల పెట్టె కొని, తీరా అన్ని పాటలకూ లీడ్ మీదే వాయించేవారు ఉన్నారు. ఆదివారం ప్రార్థనలో కీర్తనలకు మాత్రమే వాయించే కుర్రవాడికి మంచి క్లీన్ నాదం ఉన్న ఒకే చానలు పెట్టె చాలు. చానళ్ల లెక్క చూసి డబ్బు పోయడం తెలివి కాదు.

కొనేటప్పుడు చూడవలసినది వేరు. కొన్ని పెట్టెల్లో చానళ్లు మూడున్నా బాస్, ట్రెబుల్ మీటలు ఒక్కటే జత ఉంటాయి. క్లీనుకు సరిపడా తిప్పితే లీడ్ కీచుమంటుంది. లీడుకు తిప్పితే క్లీన్ మొద్దుబారుతుంది. అటువంటి పెట్టెకు మూడు గొంతులున్నా నాలుక ఒక్కటే. ప్రతి చానలుకు వేరే వాల్యూము ఉందా అన్నది ఇంకా ముఖ్యం. అది లేకపోతే మీట తొక్కినప్పుడల్లా గాయకుడి గొంతు మునిగిపోతుంది.

వాట్ల మోజు కూడా తగ్గాలి. 50 వాట్ల పెట్టె కన్నా 100 వాట్ల పెట్టె శబ్దం రెట్టింపు ఉండదు. తేడా 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. పందిట్లో చిన్న వాల్వు పెట్టె ముందు ఒక మైకు పెడితే ఊరంతటికీ వినిపిస్తుంది. స్టేజీ మీద రొదా ఉండదు.

అమెరికాలో ఉన్న బంధువులతో పెట్టె తెప్పించుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా గుచ్చితే మొదటి నిమిషంలోనే పెట్టె కాలిపోవచ్చు. వాల్వు పెట్టెను స్పీకరు తగిలించకుండా నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతింటుంది. లోపల 400 వోల్టులు, ఆ పైన కూడా ఉంటాయి. ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. తెలియనివారు మూత విప్పరాదు. వాల్వు రేడియోలు బాగుచేసిన పాతకాలపు మెకానిక్కులు పల్లెల్లో ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వారి దగ్గర నాలుగు నెలలు పని నేర్చుకునే కుర్రవాడికి ఆ విద్య వృథా పోదు.

కమిటీలు ఆలోచించాలి

ఇంత బరువు పెట్టె మోయడం దేనికి, కంప్యూటరు చిప్పుతో అన్ని పెట్టెల గొంతులూ పలికించే చిన్న పరికరాలు వచ్చాయి కదా అని కొందరు అంటున్నారు. ఆ మాట కొట్టిపారేయదగినది కాదు. స్పీకరు పోలికను కూడా లోపలే కల్పించే పరికరమైతే మిక్సర్లో నేరుగా గుచ్చినా నాదం చెడదు. ఆటో ఎక్కి ఊరూరా తిరిగే వాద్యగాడికి నడుము నొప్పి తప్పుతుంది. ఏ రూపంలో ఉన్నా గిటారుకు దాని గొంతులు దక్కాలన్నదే ఇక్కడి వాదం. పెట్టె తెచ్చుకున్నవాడి పెట్టెను కర్టెను వెనక దాచమనడం మాత్రం న్యాయం కాదు.

శబ్దం పెరుగుతుందన్న భయం కొందరు కమిటీ పెద్దలకు ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఈ నిబంధన పాటించవలసినదే. అయితే హద్దు మీరుతున్నది వరసగా పేర్చిన డబ్బాలే గాని స్టేజీ మూలనున్న చిన్న గిటారు పెట్టె కాదు. మంచి నాదం దొరికితే శబ్దం పెంచమని ఎవరూ అడగరు. నాదం లేనప్పుడే జనం శబ్దం కోరతారు.

కమిటీలు చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గిటారు పెట్టె ముందు పెట్టడానికి ఒక మైకు, ఒక చిన్న స్టాండు కావాలి. పాటలు మొదలయ్యే ముందు పది నిమిషాలు మూడు చానళ్లూ సరిచూసుకునే వ్యవధి ఇవ్వాలి. ఎర్తు సరిగా ఉన్న కరెంటు ప్లగ్గు ఒకటి చూపించాలి. బయానా ఇచ్చే రోజునే ఈ మూడింటినీ మైకుసెట్టు వారికి చెప్పి ఒప్పించాలి. మైకుసెట్టు యజమానులు కూడా గిటారు పెట్టెను తమ డబ్బాలకు పోటీగా చూడడం మానాలి.

వాద్యగాడు లేని పందిట్లో పాట పెన్‌డ్రైవు నుంచి వస్తుంది. పెన్‌డ్రైవుకు బత్తెం అక్కరలేదు, భోజనం అక్కరలేదు. నిజమే. కానీ పాట ఆపి, "మా నాన్నకు ఇష్టమైన పాట ఒకటి వాయించు బాబూ" అని స్టేజీ కింద నుంచి ఎవరైనా అడిగితే దానికి చెవులు లేవు. ఆ చెవులున్న కుర్రవాళ్లు ఊరికి ఒకరిద్దరైనా మిగిలి ఉన్నప్పుడే వారి పెట్టెను స్టేజీ మీదికి రానివ్వడం మంచిది. వచ్చే తీర్థాల నాటికైనా పందిరి కమిటీలు ఈ సంగతి ఆలోచించవలసి ఉంది.